పాటు నీళ్లలో లెక్క

మోకాళ్ల పైదాకా బురద, చేతిలో టేపు.
పొన్న మొక్క మొదలు చుట్టూ తిప్పి
ఎనిమిది సెంటీమీటర్లు అని అరుస్తాను.
మా తాతయితే బెత్తెడనేవాడు.
గట్టు మీద వీరవేణి రాసుకుంటుంది.
ఆ అంకెలు బొంబాయి దాకా వెళతాయని విన్నప్పట్నించి
ఏడుని ఒకటిలా రాయడం మానేసింది.

మా పొన్నలదిబ్బ మీద ఒక బాండు ఉందట.
హరిత బాండు. రంగు నేను చూళ్లేదు.
ఎవరో ముసలితనానికని దాచుకున్న డబ్బు
ఎక్కడెక్కడో తిరిగి, సర్కారు హామీ సంతకం మీదుగా
నీలరేవు పాయలోకి దిగి
మా నర్సరీ సంచుల్లో మన్నయింది.
నూటికి డెబ్బై మొక్కలు బతికితే
సర్కారుకి వడ్డీ తగ్గుతుంది,
తగ్గినదాంట్లో సగం మా సంఘం ఖాతాకి.
లేకపోతే లేదు.
మడమొక్క చస్తే అంతదూరాన ఒకడికి తెలుస్తుందంటే
మొదట నవ్వొచ్చింది నాకు.
తుపానుకి మా ఇల్లు పోయిందని
మండలాఫీసుకి తెలియడానికే పదకొండు రోజులు పట్టింది.

గాలిని కొంటారంట, అన్నాడు గుబ్బల సూరన్న,
అయితే నా చెరువు మీది గాలి కూడా తూచమను.
రొయ్య చచ్చి నాలుగేళ్లయిన చెరువది,
ఉప్పు పొర మీద కుక్క నడిస్తే చప్పుడొచ్చేది.
గట్టు కొడితే పోటు లోపలికొస్తుంది,
మడ తనంతట తనే మొలుస్తుంది, అని మేం.
గట్టు కొడితే బ్యాంకోడు నన్ను కొడతాడు, అని తను.
రెండేళ్లు ఆ మాట దగ్గరే ఆగిపోయింది అడవి.
ఆఖరికి ఒక జీవో వచ్చింది,
పాత అప్పు ఏడేళ్లకి వాయిదా, ఏడాదికింత.
దాని జిరాక్సు మడిచి జేబులో పెట్టుకుని
తొలి గునపం తనే వేశాడు.
నీళ్లు రావడం చూసి ఏం మాట్లాడలేదు.
చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

సరే, అసలు సంగతి.
తనిఖీవాళ్లు మార్చి ముప్పయ్యిన వచ్చారు,
మర్నాటితో లెక్కల సంవత్సరం సరి.
ఆ పొద్దు పున్నమి. నిండు పోటు.
పడవలోంచి చూస్తే నీళ్లు, నీళ్లలో ఆకాశం.
ఏవీ మొక్కలు? అన్నాడు కళ్లజోడు కుర్రాడు.
నీ కిందే, అన్నాను.
కనపడాలి కదండీ.
ఆరు గంటలాగు బాబూ.
ఇంకా రెండు రేవులు చూడాలి,
అయిదుకి పోర్టల్ మూసేస్తారు.
చెడ్డవాడు కాదు. నీళ్లలో చెయ్యిపెట్టి
చిగురు తగిలితే ఉలిక్కిపడ్డాడు.
చేతికి తగిలింది రాసే గడి
ఆ ఫారంలో లేదు.
నూటికి నలభై ఒకటి.

ఆ రాత్రి టీవీలో, మార్కెట్లలో ఆటుపోట్లు, అన్నారు.
మా మాట అది.
మా రేవులో ముంచుకుపోయిన మాటని
ఇంత తెలియకుండా ఎలా వాడతారు?
మునిగిందల్లా పోయినట్టు కాదు.

తెల్లకాగితం మీద అర్జీ,
పదకొండు సంతకాలు, ఏడు వేలిముద్రలు.
కాకినాడ కలెక్టరాఫీసుకి మూడుసార్లు.
మూడోసారి పంచాంగం పట్టుకెళ్లాను.
తిథికి రెండు ఘడియలు జరుగుతుందమ్మా పోటు,
మీ తేదీలు జరగవు, అన్నాను.
ఇది మార్గదర్శకాల్లో లేదే, అంది ఆఫీసరమ్మ.
ఉంటే బస్సు చార్జీ మిగిలేది, అన్నాను.
నవ్వలేదు. రాసుకుంది.

వానలు వెనకబట్టాక కొత్త కాగితం వచ్చింది,
ఎనభై పేజీలు. అరవైమూడో పేజీ అడుగున
వీరవేణి వేలు పెడితే తప్ప కనపడని అక్షరాల్లో
"లెక్కింపు పాటు నీళ్లలోనే జరగాలి.
వేళ స్థానిక సంఘం చెప్పాలి."
మా పేర్లు లేవు.
ఇప్పుడా రెండు ముక్కల మీద కూడా
ఎక్కడో వడ్డీ నడుస్తుందంట.
వల అప్పు మాత్రం తీరలేదు,
సావుకారు శనివారం శనివారం వస్తూనే ఉన్నాడు.

ఇవాళ పాటు రెండుంపావుకి.
కళ్లజోడు కుర్రాడు ముందే ఫోన్ చేశాడు,
ఎన్నింటికి రమ్మంటారని.
చెప్పులు గట్టు మీద వదిలేసి రమ్మన్నాను.